సన్న దారం, పెద్ద వాలుగ

(ఆగస్టు 9, ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా మాదాపూర్‌లో జరిగిన మన సంఘం యువజన సభలో చేసిన ప్రసంగ పాఠం)



మేము నలుగురం. నలుగురివీ శబరి, గోదావరి కలిసే కూనవరం చుట్టుపక్కల కోయ పల్లెలు. 2014లో మా మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. మేము మాత్రం బతుకుదెరువుకు హైదరాబాదులోనే ఉండిపోయాం. మాలో ఇద్దరు ఐటీ కంపెనీల్లో పనిచేస్తున్నారు. ఒకరు క్యాబ్ నడుపుతారు. ఒకరు గచ్చిబౌలిలో ఒక పెద్ద భవనానికి సెక్యూరిటీ సూపర్‌వైజర్. మైకు ఒకరి చేతిలో ఉన్నా మాట నలుగురిదీ. అందుకే "మేము" అనే మాట్లాడతాం.

నిర్వాహకులు మమ్మల్ని ఉద్యోగాల గురించి, ఇంటర్వ్యూల గురించి చెప్పమన్నారు. ఆ విషయాలు చెప్పేవాళ్ళు ఈ సభలో చాలామంది ఉన్నారు. మేము చేపల గురించి చెబుతాం. నవ్వకండి. పెద్ద జెల్ల జాతి చేపల్ని, అంటే మీసాలుండి పొలుసు లేని చేపల్ని, సన్న దారంతో, చిన్న గాలంతో పట్టడం గురించి చెబుతాం. ఆ పనిలో మేము ఒక తప్పు చేశాం. ఆ తప్పు మీరు చేయకూడదనే ఈ మాటలు.

మొదలైంది ఇక్కడే, ఈ హైటెక్ సిటీలోనే. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యేనాటికి ఈ చుట్టుపక్కలంతా రాళ్ళ గుట్టలు, చెరువులు. దుర్గం చెరువు కుతుబ్ షాహీల కాలం నాటిది. గోల్కొండ కోటకు నీళ్ళు ఇక్కడి నుంచి వెళ్ళేవని చెబుతారు. 2020 సెప్టెంబరులో దాని మీద తీగల వంతెన వచ్చింది. షిఫ్టు అయ్యాక రాత్రిపూట మేము ఆ వంతెన మీదికి వెళ్ళేవాళ్ళం. అందరూ వంతెన దీపాలతో సెల్ఫీలు తీసుకుంటుంటే మేము వంగి కింది నీళ్ళు చూసేవాళ్ళం. అక్కడక్కడ పెద్ద చేప ఒకటి పైకొచ్చి గుటక వేసి మునిగిపోయేది. నది ఒడ్డున పుట్టినవాళ్ళకు ఆ చప్పుడు చాలు, ఇల్లు గుర్తుకు రావడానికి.

అట్లా మాకు గాలం పిచ్చి పట్టింది. ఆన్‌లైన్‌లో రాడ్లు, రీళ్ళు తెప్పించాం. వీడియోలు చూశాం. ఎంత సన్న దారంతో ఎంత పెద్ద చేపను పడితే అంత గొప్ప అని ఆ వీడియోల్లో చూపిస్తారు. మేమూ అదే నమ్మాం.

మొదటిసారి ఔటర్ రింగు రోడ్డు అవతల ఒక ఊరి చెరువుకు వెళ్ళాం. ఎవరినీ అడగలేదు. గాలం వేసిన గంటకే బరువైన చేప పడింది. నల్లగా, నున్నగా, ఎనిమిది మీసాలతో మూడు కిలోలకు పైగా ఉంది. మనూరి మార్పు చేపే ఇంత పెరిగిందనుకుని మురిసిపోయాం. అప్పుడు ఆ ఊరి మత్స్య సహకార సంఘం పెద్దాయన వచ్చాడు. మమ్మల్ని చూసి రెండు మాటలు అన్నాడు. "బాబూ, ఈ చెరువులో పిల్ల వేసింది మా సంఘం. అడగకుండా గాలం వేస్తే అది దొంగతనమే అయితది" అన్నాడు. మేము తలవంచుకున్నాం. మన అడవిలోకి ఎవరో అడగకుండా వచ్చి వెదురు కొట్టుకుపోతే మనకెట్లా ఉంటుందో, ఆయనకూ అట్లాగే ఉంది.

తర్వాత ఆయన చేపను చూసి రెండో మాట చెప్పాడు. "ఇది మన మార్పు కాదు, ఆఫ్రికాది. దీన్ని మళ్ళీ నీళ్ళల్లో వెయ్యకండి" అన్నాడు. ఆఫ్రికా క్యాట్‌ఫిష్ పెంపకాన్ని కేంద్ర ప్రభుత్వం 2000 సంవత్సరంలోనే నిషేధించింది. అయినా దొంగచాటుగా పెంచుతూనే ఉన్నారు. ఆ చేపకు నీళ్ళలో ప్రాణవాయువు లేకపోయినా పైగాలి పీల్చుకుని బతికే శక్తి ఉంది. అందుకే మురుగు చెరువుల్లోనూ బతుకుతుంది. ఏది దొరికితే అది తింటుంది. మన చేపల పిల్లల్ని మింగేస్తుంది. మీరెవరైనా నగరం చుట్టూ చెరువుల్లో అటువంటి చేపను పడితే జాలిపడి ఇంకో చెరువులోకి వదలకండి. మన ఊరి వాగుకు అసలు తీసుకెళ్ళకండి. అక్వేరియం నుంచి పారబోసిన సక్కర్ చేప విషయమూ అంతే. ఒంటి మీద కవచం లాంటి పెంకు ఉంటుంది. జాలరులు దాన్నే దెయ్యం చేప అంటారు. వల్లో పడితే వల చించుతుంది. మురుగు కలిసే చెరువుల్లో పట్టిన ఏ చేపనైనా తినకండి, ఎవరికీ అమ్మకండి.

ఈ సంగతులు తెలిశాక నగరం చెరువుల మీద మోజు తగ్గింది. మన నదికే పోదాం, మన వాలుగనే పడదాం అనుకున్నాం. ఒక మే నెలలో నాలుగు రోజులు సెలవు పెట్టి, రాడ్లు సంచిలో కట్టుకుని ఊరికి బయలుదేరాం.

వాలుగ తెలియని పట్నం పిల్లలు ఇక్కడున్నారు కాబట్టి రెండు మాటలు. ఇది మన నదుల్లో పెద్ద వేట చేప. ఒళ్ళు పక్కలకు నొక్కినట్టు సన్నగా, పొడవుగా, వెండి రంగులో మెరుస్తుంది. పొలుసులుండవు. నోరు కంటి వెనకదాకా చీలి ఉంటుంది. నోటి నిండా ముల్లుల్లాంటి సన్నని పళ్ళు. పగలు లోతైన మడుగుల్లో, ఒడ్డు గుహల్లో పడుకుని రాత్రి వేటకొస్తుంది. చేపలు, రొయ్యలు, కప్పలు తింటుంది. రెండు మీటర్లు దాటి పెరుగుతుందని పుస్తకాల్లో ఉంది. ఇప్పుడు దొరికేవి చాలావరకు మీటరు లోపే. ఇంగ్లీషువాళ్ళు దీన్ని మంచినీటి సొరచేప అన్నారు.

మే నెలలో గోదారి సన్నబడి మడుగులు మడుగులుగా ఉంటుంది. నీళ్ళు పగలంతా కాగి రాత్రి కూడా గోరువెచ్చగా ఉంటాయి. మాలో ఒకరి తాతకు ఎనభై దాటాయి. ఆయన మమ్మల్ని ఏ మడుగుకు వెళ్ళాలో చెప్పి ఇంటి దగ్గరే ఉండిపోయాడు. మా రీలు మీద ఉన్నది మూడు కిలోల బరువుకు తెగే దారం. చిన్న చేపను ఎరగా గుచ్చి వేశాం. రాత్రి పది దాటాక వాలుగ అందుకుంది.

ఎంతసేపు ఆడిందనుకున్నారు? యాభై నిమిషాలు. దారం తెగుతుందేమోనని భయపడుతూ వదలడం, లాగడం, మళ్ళీ వదలడం. ఒకరు రాడ్ పట్టుకుంటే ఇంకొకరు ఫోనుతో వీడియో తీస్తున్నారు. చివరికి ఒడ్డుకొచ్చింది. దవడకు కొక్కెం తగిలించి త్రాసుకు వేలాడదీశాం. తొమ్మిది కిలోలు. నలుగురం నాలుగు రకాలుగా ఎత్తుకుని ఫోటోలు దిగాం. పొడి ఇసుకలో పడుకోబెట్టి పక్కన రాడ్ పెట్టి ఇంకో ఫోటో. అప్పుడు "పట్టి వదిలేయాలి, అదే మంచి పద్ధతి" అని వీడియోలో విన్న మాట గుర్తొచ్చి నీళ్ళలోకి తోసేశాం. అది మెల్లగా లోతుకు జారిపోయింది. మేము చప్పట్లు కొట్టుకున్నాం.

తెల్లవారి తాత నీళ్ళకని రేవుకు వెళ్ళి మమ్మల్ని పిలిచాడు. రాళ్ళ మధ్య వాలుగ చచ్చి ఆనుకుని ఉంది. దవడ దగ్గర కొక్కెం చీల్చిన గుర్తు ఉంది. తాత తిట్టలేదు. కూర్చుని దాని ఒంటి మీద ఇసుక కడిగాడు. తర్వాత అడిగాడు.

"తినరా?"

"వదిలేద్దామనుకున్నాం తాతా."

"వదిలేసేవాళ్ళు అంతసేపు ఎందుకు ఆడించార్రా?"

మా దగ్గర జవాబు లేదు. ఆయనే మళ్ళీ, "ఎండకు పాడైపోయింది. ఆరు ఇళ్ళకు కూరయ్యేది" అన్నాడు. అంతే. ఆ మాట మాకు ఇప్పటికీ మింగుడు పడలేదు.

ఆ సాయంత్రం తాత మమ్మల్ని ఇంటి వెనక్కి తీసుకెళ్ళాడు. చూరులో వేలాడుతున్న ఎండిన సొరకాయ బుర్ర ఒకటి దించాడు. మూతి మైనంతో మూసి ఉంది. నడుముకు దారం కట్టిన అరుగుదల గీత ఉంది. తన వయసులో వాలుగను ఎట్లా పట్టేవాడో అప్పుడు చెప్పాడు. గాలానికి ఎర గుచ్చి, దారం రెండో కొస బుర్రకు కట్టి, సాయంత్రం మడుగులో వదిలేసేవాడు. తాను దోనెలో దూరంగా కూర్చునేవాడు. చేప అందుకుని లాగితే బుర్ర మునుగుతుంది. బుర్ర మళ్ళీ పైకి తేలాలని లాగుతుంది. చేప ఎటు పోతే బుర్ర అటు పోతుంది. తాత దారం ముట్టుకునేవాడు కాదు. వెంట దోనె నడిపేవాడు, అంతే. బుర్ర మునగడం మానేసి నీటి మీద నిలకడగా ఉంటే చేప అలిసిందని లెక్క. అప్పుడు దగ్గరికి పోయి బుట్టతో ఎత్తేవాడు. "ఎంతసేపు పట్టేది తాతా" అని అడిగాం. "ఒక చుట్ట కాల్చినంత" అన్నాడు.

హైదరాబాదు వచ్చాక మేము కూర్చుని లెక్క వేశాం. ఇక్కడ ఇంజినీరింగు చదివిన పిల్లలు చాలామంది ఉన్నారు, మీకు వెంటనే అర్థమవుతుంది. లీటరు నీళ్ళు పట్టే బుర్ర పూర్తిగా మునిగితే అది సుమారు కిలో బలంతో పైకి లాగుతుంది. రెండు లీటర్ల బుర్ర రెండు కిలోల బలంతో లాగుతుంది. ఆ బలం చేప ఎంత కుదిపినా మారదు. కొత్త రీళ్ళలో డ్రాగ్ అని ఒక బ్రేకు ఉంటుంది. చేప లాగితే తెగకుండా దారాన్ని ఒక పట్టుతో వదిలే ఏర్పాటు అది. తాత బుర్ర చేసిన పని సరిగ్గా అదే. పెద్ద చేప కావాలంటే పెద్ద బుర్ర కట్టేవాణ్ణని తాత చెప్పాడు. అంటే ఏ చేపకు ఎంత పట్టు కావాలో ఆయనకు తెలుసు. వేల రూపాయల రీలు కొన్న మాకు తెలియలేదు.

మేము బుర్రను చేతిలో తిప్పుతూ, "ఇంత పెద్ద చేపను ఇంత సన్న దారంతో పట్టాం కదా తాతా, అది గొప్ప కాదా" అని అడిగాం. ఆయన, "దారం సన్నగా ఉంటే గొప్పేంటిరా, చేపకు సరిపోవాలి" అన్నాడు. ఈ ఒక్క వాక్యం మీకు చెప్పడానికే మేము ఈ మైకు పట్టుకున్నాం.

తేలిక గాలం తప్పని మేము అనడం లేదు. అది మంచి విద్య. బలం చాలని చోట ఓర్పు నేర్పుతుంది. అయితే ఆ విద్యకు ఒక లెక్క ఉంది. మేము తప్పు చేసి నేర్చుకున్న లెక్క మీకు చెబుతాం, రాసుకోండి.

చేప నీళ్ళలో ఉన్నంతసేపు దాని బరువు దారం మోయదు, నీరే మోస్తుంది. దారం తెగేది బరువుకు కాదు, కుదుపుకు. అందుకే నాలుగు కిలోల దారంతో పది కిలోల చేపను ఒడ్డుకు తేవచ్చు. డ్రాగ్‌ను దారం తెగే బరువులో నాలుగో వంతు నుంచి మూడో వంతు మధ్య బిగించుకోవాలి. మా దారం మూడు కిలోలది, కాబట్టి కిలోకు మించి బిగించే వీలు మాకు లేదు. అందుకే యాభై నిమిషాలు పట్టింది. అదే ఎనిమిది కిలోల దారమైతే రెండు, రెండున్నర కిలోల పట్టు వచ్చేది. చేప పావుగంటలో, ఇరవై నిమిషాల్లో ఒడ్డుకొచ్చేది. ఎనిమిది కిలోల దారం కూడా తేలికదే, పెద్ద వాలుగకు అది సరిపోయే దారం.

ఇంకొక సంగతి. చేప దూరం పోయేకొద్దీ రీలు మీద దారం చుట్ట చిన్నదవుతుంది. చుట్ట సగమైతే దారం మీద పట్టు రెట్టింపవుతుంది. మీరు ఏమీ తిప్పకపోయినా అంతే. దూరంలో ఉన్న చేప దగ్గర దారం ఠప్పున తెగేది అందుకే. చేప చాలా దూరం పోతే డ్రాగ్ కొంచెం సడలించాలి.

ముడి బిగించే ముందు దారాన్ని తడపండి. పొడిగా బిగిస్తే రాపిడి వేడికి నైలాన్ బలహీనమవుతుంది. వాలుగ పళ్ళు దారాన్ని కోస్తాయి, కాబట్టి గాలానికి ముందు మూరెడు పొడవు మందపాటి దారం కట్టండి. సర్కిల్ హుక్ అనే, మొన లోపలికి వంగిన గాలం వాడితే చేప మింగకుండా నోటి మూలన పడుతుంది. దానికి ఎగదన్ని లాగకూడదు, దారం మెల్లగా బిగిస్తే చాలు. మొన వెనక ఉండే చిన్న ముల్లును కటింగ్ ప్లయర్‌తో నొక్కేస్తే విడిపించడం తేలిక.

మనం పరుగెత్తితే కండరాలు ఎట్లా పట్టేస్తాయో, ఎక్కువసేపు పెనుగులాడిన చేపకూ అట్లాగే అవుతుంది. వేడి నీళ్ళలో ప్రాణవాయువు తక్కువ. అలిసిన చేపకు ఊపిరి అందదు. పైకి ఈదుకుంటూ పోయినట్టు కనిపిస్తుంది, గంటల తర్వాత చనిపోతుంది. మా వాలుగకు జరిగింది అదే. అందుకే ఎండాకాలంలో సరదాకు పెద్ద చేపల జోలికి వెళ్ళకండి. వదలదలుచుకుంటే నీళ్ళలో ఉంచే గాలం తీయండి. చేతులు తడుపుకోండి. పొడి చేతులు, ఇసుక దాని ఒంటి జిగురును ఊడదీస్తాయి. దవడ పట్టుకుని నిలువుగా వేలాడదీయకండి, పొట్ట కింద చెయ్యి పెట్టండి. పారే నీటికి ఎదురుగా తల పెట్టి, దానంతట అదే చెయ్యి విదిలించుకుని పోయేదాకా ఆగండి. ఫోటో ఒకటి చాలు. తినదలుచుకుంటే వెంటనే చంపి, వెంటనే పంచుకోండి. తినడమో వదలడమో గాలం వేసేముందే తేల్చుకోవాలి. చేప ఒడ్డుకొచ్చాక కాదు.

మీ ఒళ్ళు కూడా జాగ్రత్త. జెల్ల రెక్క ముల్లు గుచ్చుకుంటే చెయ్యి వాచిపోతుంది. ఇంగిలాయి ముల్లుకు విషం ఉంటుంది. కిన్నెరసానిలోనూ మంజీరలోనూ మొసళ్ళు ఉన్నాయి. రాత్రిపూట ఒంటరిగా వెళ్ళకండి. తాగి నీటి దగ్గరికి పోకండి. నగరం చుట్టూ క్వారీ గుంతలు పైకి ప్రశాంతంగా ఉంటాయి, అడుగు అందదు. ఈత వచ్చినవాళ్ళే ఎక్కువ ధైర్యంతో మునిగిపోతారు.

ఇప్పుడు ఒక గర్వపడే మాట. వాలుగకు శాస్త్రవేత్తలు పెట్టిన పేరు వల్లాగో అట్టు. ఆ వల్లాగో ఎక్కడిదనుకున్నారు? మన వాలుగే. ప్యాట్రిక్ రస్సెల్ అనే ఈస్టిండియా కంపెనీ వైద్యుడు విశాఖపట్నంలో చేపలు సేకరించి, అక్కడి జనం చెప్పిన పేర్లతోనే 1803లో లండన్‌లో పుస్తకం వేయించాడు. ఆ తర్వాత 1851లో బ్లీకర్ అనే డచ్చి శాస్త్రవేత్త ఆ పేరునే చేప జాతికి పెట్టాడు. ప్రపంచంలో ఏ దేశపు శాస్త్రవేత్త ఈ చేప గురించి రాసినా మన ఒడ్డున పుట్టిన మాటే రాయాలి. మద్రాసు ప్రెసిడెన్సీలో కలెక్టరుగా చేసిన హెచ్.ఎస్. థామస్ 1873లో మన దేశపు నదుల్లో గాలం వేట మీద ది రాడ్ ఇన్ ఇండియా అనే పుస్తకం రాశాడు. వాళ్ళు రాశారు కాబట్టి నిలిచింది.

మరి ఆ పేరు రస్సెల్‌కు చెప్పిన జాలరి ఎవరు? అతని పేరు ఎక్కడా లేదు. మా తాత బుర్ర సంగతి ఏ పుస్తకంలో ఉంది? కోయలో, గోండీలో చేపను మీన్ అంటాం. తెలుగువాళ్ళ కొర్రమీనులోనూ ఆ పాత మాటే ఉంది. తెలంగాణ రాష్ట్ర చేప కొర్రమీనే. అయితే మీలో ఎంతమంది మీ అవ్వ భాషలో పది చేపల పేర్లు చెప్పగలరు? మేము నలుగురం కలిసి ప్రయత్నిస్తే ఏడు దగ్గర ఆగిపోయాం. ఇంట్లో తాత పాతికకు పైగా చెప్పాడు. మడుగుకో పేరు చెప్పాడు. పోలవరం నీళ్ళు నిలిస్తే ఆ మడుగులు ఒకే జలాశయం కింద మునుగుతాయి. ఊళ్ళకు పునరావాస కాలనీలు కట్టిస్తారు. మడుగు పేరుకు కాలనీ ఉండదు.

వాలుగ కూడా తగ్గిపోతోంది. ప్రపంచ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ దాన్ని ముప్పున్న జాతుల ఎర్ర జాబితాలో చేర్చింది. తప్పంతా బయటివాళ్ళదే అని మేము చెప్పం. తొలకరికి గుడ్లు పెట్టడానికి వాగులకు ఎదురెక్కే చేపల్ని మన ఊళ్ళలోనూ పండగలా పడతాం. వెనకటి రోజుల్లో బుట్టలతో, మావులతో పట్టినప్పుడు పట్టినన్ని పోగా మిగిలేవి. ఇప్పుడు దోమతెర లాంటి వలలు వాగుకు అడ్డం కడుతున్నారు. తోటాలు పేలుస్తున్నారు. బ్లీచింగ్ పౌడర్ కలుపుతున్నారు, కరెంటు పెడుతున్నారు. పేలుళ్ళతో, విషంతో చేపలు పట్టడం 1897 నాటి చట్టం నుంచే నేరం. సెలవులకు ఊరికి వెళ్ళినప్పుడు మీ వయసు పిల్లలతో ఈ మాట మీరే చెప్పాలి. మాట మీరు చెబితే వింటారు.

హక్కుల సంగతి కూడా తెలుసుకోండి. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(1)(డి)లో నీటి వనరుల్లోని చేపల మీద సామూహిక హక్కు ఉంది. 1996 పెసా చట్టం సెక్షన్ 4(జె) షెడ్యూల్డు ప్రాంతాల్లో చిన్న నీటి వనరుల నిర్వహణను పంచాయతీలకు అప్పగించమంటుంది. వ్యక్తిగత పోడు పట్టాల కోసం దరఖాస్తు పెట్టిన ఊళ్ళు చాలా ఉన్నాయి. చెరువు, వాగు, మడుగు మీద సామూహిక హక్కు అడిగిన ఊళ్ళు ఎన్ని? దరఖాస్తు నింపడం, మ్యాపు గీయడం, గ్రామసభ తీర్మానం టైపు చేయడం, ఇవన్నీ మీరు రోజూ ఆఫీసులో చేసే పనులే. ఒక శని, ఆదివారం ఊరికి ఇవ్వండి. అభయారణ్యాల్లో మాత్రం సరదా గాలం వద్దు. అక్కడ 1972 వన్యప్రాణి చట్టం వర్తిస్తుంది. మన ఊరి వాళ్ళ హక్కుకే అది అడ్డొస్తుంది.

చివరగా మేము అడిగేవి మూడే.

ఒకటి. ఈసారి ఊరికి వెళ్ళినప్పుడు ఇంట్లో పెద్దవాళ్ళ దగ్గర కూర్చోండి. చేపల పేర్లు, మడుగుల పేర్లు, పట్టే పద్ధతులు మన భాషలోనే ఫోనులో రికార్డు చేయండి. చెప్పినవాళ్ళ పేరు, ఊరు, తేదీ తప్పకుండా పెట్టండి. రస్సెల్‌కు చెప్పిన జాలరి పేరు పోయినట్టు మన తాతల పేర్లు పోకూడదు. వచ్చే ఏడాది ఈ సంచికలో ఆ జాబితా వేయమని సంపాదకుల్ని ఇక్కడి నుంచే అడుగుతున్నాం.

రెండు. గాలం వేసే ముందు ఆ నీరు ఎవరిదో తెలుసుకుని అడగండి. ఇక్కడ మత్స్య సంఘాన్ని, అక్కడ గ్రామసభను. అడిగితే వద్దనేవాళ్ళు తక్కువ. ఔటర్ అవతల మమ్మల్ని మందలించిన ఆ పెద్దాయన ఇప్పుడు మా స్నేహితుడు. ఏడాదికి రెండుసార్లు ఆయన చెరువులో ఆఫ్రికా చేపల్ని ఏరివేయడానికి ఆయనే మమ్మల్ని పిలుస్తాడు.

మూడు. దారం చేపకు సరిపోయేలా చూసుకోండి. ఇది గాలానికే కాదు. పట్నంలో మనకు ఎదురయ్యే పెద్ద పనులకు, పెద్ద అప్పులకు కూడా వర్తిస్తుంది. తెగేదాకా లాగొద్దు. ప్రాణం పోయేదాకా ఆడించొద్దు. ఎంత వదలాలో, ఎప్పుడు పట్టాలో తెలిసినవాణ్ణే మన ఊళ్ళో వేటగాడు అంటారు.

ఆ సొరకాయ బుర్రను తాత మాకిచ్చాడు. ఇప్పుడది కొండాపూర్‌లో మా గది గోడకు వేలాడుతోంది. వచ్చినవాళ్ళందరూ ఇదేమిటని అడుగుతారు. అడిగినవాళ్ళకల్లా ఆ తొమ్మిది కిలోల వాలుగ కథ చెబుతాం. ఫోటో మాత్రం చూపించం. ఆ వీడియోను మేము ఎప్పుడో తీసేశాం.

 జై ఆదివాసీ!